రెండో స్థానం

(గన్నవరం విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మనవడి పుణ్యమా అని 2023–24 ఐ-లీగ్ ఫుట్‌బాల్ సీజన్ చూశాను. అప్పటికి మన దేశంలో అది రెండో శ్రేణి పోటీ. హైదరాబాదులో ఆడే శ్రీనిధి డెక్కన్ జట్టు రెండో స్థానంలో నిలిచింది. అంతకు ముందు సీజనూ రెండో స్థానమే! పై లీగుకు ప్రమోషన్ విజేత ఒక్కరికే. 2023లో పంజాబ్, 2024లో మహమ్మదన్ స్పోర్టింగ్ వెళ్ళాయి. మనవాళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు.

“ఇంత ఆడి ఏం లాభం తాతయ్యా?” అన్నాడు.

సీనియారిటీ జాబితాలో నా పైన ఒక్క పేరుండగా రిటైరయ్యాను. ఇన్నేళ్ళూ ఇంట్లో చెప్పుకోలేదు. ఆ రోజు వాడికి చెప్పాను. “ఆఖరి సాయంత్రం కూడా ఫైళ్ళన్నీ పూర్తిచేసే లేచానురా” అన్నాను.

వాడు కాసేపాగి, “అయితే వచ్చే సీజనూ చూద్దాం” అన్నాడు.