మాంద్యంలో మొదటి వేటు అప్రెంటిస్‌ మీదనేనా?

(ఐటీఐ విద్యార్థులు, చిన్న పరిశ్రమల యజమానుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నియామకాల కోసం రోడ్డెక్కిన వాళ్లం మనం. ఆ నియామకానికి మొదటి మెట్టయిన అప్రెంటిస్‌షిప్ గురించి ఇవాళ మాట్లాడుకుందాం.

మార్కెట్ పడిపోగానే కంపెనీ ముందుగా ఎవరిని వదిలించుకుంటుంది? పర్మినెంట్ కార్మికుణ్ని తీస్తే యూనియన్ అడుగుతుంది. కాంట్రాక్టు కార్మికుణ్ని తీస్తే గేటు ముందు గొడవైనా అవుతుంది. అప్రెంటిస్‌ను తీసుకోకపోతే అడిగే దిక్కే లేదు. చట్టం లెక్కలో అతను కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు మాత్రమే.

ఇది మన పోరగాళ్లకే కాదు, కంపెనీలకూ నష్టమేనని మేము అంటున్నాం. సర్టిఫికెట్ చేతికొస్తే టర్నర్ కాడు. లేత్ ముందు నిలబడి నాలుగు ముక్కలు పాడుచేసి, ఐదోది సరిగ్గా తీస్తేనే చెయ్యి తిరుగుతుంది. ఆర్డర్లు ముంచుకొచ్చినప్పుడు సీనియర్‌కు నేర్పే తీరిక ఉండదు, మిషన్ ఖాళీగా ఉండదు. ఆ రెండూ దొరికేది మాంద్యంలోనే. ఇవాళ చేరిన పిల్లవాడు రెండేండ్లకు పనిమంతుడవుతాడు. మార్కెట్ లేచినంక వెతికితే పనిమంతులు ఎక్కడి నుంచి వస్తారు?

జర్మనీని చూడండి. అక్కడ పిల్లలు వారంలో ఒకట్రెండు రోజులు బడిలో, మిగతా రోజులు కంపెనీలో నేర్చుకుంటారు. 2019లో దాదాపు 5.25 లక్షల కొత్త శిక్షణ ఒప్పందాలు జరిగితే, కరోనా వచ్చిన 2020లో అవి 4.67 లక్షలకు పడిపోయాయి. అక్కడి ప్రభుత్వం చూస్తూ కూర్చోలేదు. దెబ్బతిన్న చిన్న, మధ్యతరహా కంపెనీలు శిక్షణ సీట్లు తగ్గించకపోతే ఒక్కో సీటుకు 2000 యూరోలు, పెంచితే పెరిగిన ఒక్కోదానికి 3000 యూరోలు ఇచ్చింది. 2021లో ఆ మొత్తాన్ని రెట్టింపు చేసింది.

మన దగ్గర చట్టం లేదా? 1961 నుంచే ఉంది. 30 మంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లు ఉండాలని 2019లో నిబంధన పెట్టారు. 200 మంది ఉన్న కంపెనీలో కనీసం ఐదుగురన్నమాట. కేంద్రం 2016 పథకంలో స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1500 రూపాయలు మించకుండా భరిస్తానంది. మరి లోపం ఎక్కడ? 2014 సవరణ జైలుశిక్షను ఎత్తేసి, తగ్గిన ఒక్కో అప్రెంటిస్‌కు మొదటి మూడు నెలలు నెలకు 500, తర్వాత 1000 రూపాయల జరిమానా పెట్టింది. 2019 నిబంధనల్లో కనీస స్టైపెండే 5000. నేర్పడం కంటే జరిమానా కట్టడమే చౌకైతే యజమాని ఏది ఎంచుకుంటాడు?

అందుకే మూడు మాటలు అడుగుదాం. మాంద్యం కాలంలో చిన్న కంపెనీలకు సర్కారు వాటా పెరగాలి. ప్రతి కంపెనీ తన అప్రెంటిస్‌ల లెక్క గేటు మీద రాసిపెట్టాలి. అప్రెంటిస్ పేరుతో ఊడ్పించడం, మూటలు మోయించడం ఆగాలి.

యజమానులారా, మీరు దయ చూపాలని మేము అడగడం లేదు. విత్తనాలు తిని బతికిన రైతుకు వానాకాలం వచ్చినా పంట రాదు. అప్రెంటిసే మీ విత్తనం.