జీరో బ్రోకరేజ్ అంటే జీరో ఖర్చా?

'డెలివరీకి జీరో బ్రోకరేజ్' అన్న యాడ్ చూసి యాప్ వేసుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

300 రూపాయలకి ఒక షేర్ కొన్నారు, కొన్నాళ్లకి 330కి అమ్మారు. లాభం 30 అనుకుంటాం కదా! కానీ అమ్మిన రోజు డీపీ ఛార్జ్ అని ఒకటి పడుతుంది. బ్రోకర్‌ని బట్టి జీఎస్టీతో కలిపి సుమారు 15 నుంచి 24 రూపాయలు. ఒక షేర్ అమ్మినా అంతే, వంద అమ్మినా అంతే. అంటే మీ లాభంలో సగమో, అంతకన్నా ఎక్కువో అక్కడే పోయింది. అదే కంపెనీ షేర్లు రోజుకొకటి చొప్పున నాలుగు రోజులు అమ్మారనుకోండి, నాలుగుసార్లు కట్టాలి. ఐదొందలు, వెయ్యితో మొదలుపెట్టేవాళ్లకి అసలు దెబ్బ ఇదే. ఎస్‌టీటీ అంటారా, కొన్నా అమ్మినా 0.1 శాతం, ఏ యాప్‌లో అయినా ఒకటే.

ఇక ఏడాదికోసారి మెయింటెనెన్స్ ఛార్జ్. బీఎస్‌డీఏ అకౌంట్ అయితే, అందులో 4 లక్షల లోపు ఉంటే అది సున్నా. 2024 సెప్టెంబర్ నుంచి సెబీ రూల్ ఇది. కానీ మీ పేరు మీద ఒక్క డీమ్యాటే ఉండాలి. రెఫరల్ బోనస్ కోసం మూడు యాప్‌లలో ఓపెన్ చేస్తే ఈ సౌకర్యం పోయినట్టే!

ఫండ్స్ కొంటే పేరు పక్కన 'డైరెక్ట్' అని ఉందో లేదో చూడండి. 'రెగ్యులర్' అయితే కమిషన్ ఏటా మీ డబ్బులోంచే పోతుంది.

ఇప్పుడే మీ యాప్‌లో ఛార్జెస్ పేజీ తెరిచి డీపీ ఛార్జ్ ఎంతో చూడండి. ఇంట్రాడే లెక్కలు నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం.