భార్య అమెరికాలో, నేను బూర్గంపాడులో: వేవర్ ఎందుకు కావాల్సి వచ్చింది?

ఈరోజు నా సొంత ఫైలు గురించే చెప్తాను. నా భార్య న్యూజెర్సీలో ఉంటుంది, అమెరికా పౌరురాలు. "భార్య సిటిజన్ అయితే నీకు వీసా ఎందుకు రాలేదురా?" అని బూర్గంపాడులో కనపడ్డ ప్రతివాళ్ళూ అడుగుతున్నారు.

తప్పు నాదే. హెచ్1బీ పొడిగింపు రాలేదు, అప్పులు తీరలేదు. ఐ-94 గడువు అయిపోయాక కూడా 14 నెలలు అక్కడే ఉండిపోయాను. 2022లో నాన్న పోతే వచ్చేశాను. 1996లో తెచ్చిన చట్టం ప్రకారం, అలా 180 రోజులు దాటి ఉండి వస్తే 3 ఏళ్ళు, ఏడాది నిండితే 10 ఏళ్ళు మళ్ళీ రానివ్వరు. దేశం దాటినప్పుడే ఆ నిషేధం పడుతుంది. స్టూడెంట్ వీసా వాళ్ళకి ఈ లెక్క వేరండీ, నాదాంతో పోల్చుకోవద్దు.

2023లో భద్రాచలంలో మా పెళ్ళయింది. తను ఐ-130 వేసింది, ఆమోదించారు. అంటే పెళ్ళి నిజమని ఒప్పుకున్నారు, అంతే. నిషేధం అలాగే ఉంది.

డీఎస్-260 నింపేటప్పుడు ఒక ఏజెంటు "ఆ 14 నెలలు రాయకు తమ్ముడూ" అన్నాడు. రాశాను. 10 ఏళ్ళ నిషేధం ఎప్పటికైనా తీరుతుంది, అబద్ధం దొరికితే పడేదానికి గడువు లేదు. నిజానికి నా భయం ఇంకోటి. జనన పత్రంలో ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్. పాస్‌పోర్టులో భద్రాద్రి కొత్తగూడెం, తెలంగాణ. ముంబై ఇంటర్వ్యూలో దాని ఊసే ఎత్తలేదు! 14 నెలల గురించే అడిగి, వీసా నిరాకరించి, ఐ-601 వేసుకోవచ్చని కాగితం ఇచ్చారు. అదే వేవర్, మినహాయింపు దరఖాస్తు.

అందులో చూపించాల్సింది తీవ్రమైన కష్టం. ఎవరికి? నాకు కాదు. పౌరురాలో, గ్రీన్ కార్డు ఉన్నదో అయిన భార్యకి, లేదా అలాంటి తల్లిదండ్రులకి. నేను లేకుండా తను అక్కడుంటే ఏంటి, నా కోసం ఇక్కడికొస్తే ఏంటి, రెండూ రాశాం. మా అత్తమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్, తీసుకెళ్ళేది తనొక్కతే. ఆసుపత్రి కాగితాలు, జీతం చీటీలు, ఇంటి అద్దె, తన డాక్టరు రాసిచ్చిన ఉత్తరం, అన్నీ జత చేశాం. "చాలా బాధగా ఉంది" అని పది పేజీలు రాస్తే పనికిరాదు.

మా అమ్మ ఇక్కడ ఒంటరిదని నేనో పేజీ రాశాను. అమ్మ అమెరికా పౌరురాలు కాదుగా, ఆ పేజీ లెక్కలోకి రాదని లాయరుగారు తీసేశారు.