నడుము నొప్పికి చేతివైద్యము – కొత్తగా వెళ్లువారు తెలుసుకొనవలసినవి
(కోటబొమ్మాళి రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉభాల రోజులలో పొద్దంతా వంగి పనిచేసి, సాయంత్రము నడుము పట్టుకొని ఇల్లు చేరువారు మనలో చాలమంది ఉన్నారు. బస్తా ఎత్తబోయి నడుము పట్టినవారును ఉన్నారు. ఇట్టి నొప్పులకు 'ఆస్టియోపతి' అను చేతివైద్యము పట్టణములలో ఇప్పుడు వినవచ్చుచున్నది. దానికి వెళ్లుటకు ముందు కొన్ని సంగతులు తెలిసియుండవలెను.

అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అను వైద్యుడు 1874లో ఈ పద్ధతిని ప్రకటించి, 1892లో కిర్క్స్‌విల్ పట్టణమున మొదటి పాఠశాల స్థాపించెను. కీళ్లు, కండరములు సరిగా కదలినచో శరీరము తనంతట తాను కుదుటపడునని ఆయన నమ్మకము. ఇది పుత్తూరు కట్టు వంటిది కాదు. అక్కడ విరిగిన ఎముకకు కట్టు కట్టుదురు. ఇక్కడ బిగిసిన కండరములను, కీళ్లను చేతులతో నొక్కి, సాగదీసి, కదలింతురు. ఎముక విరిగినదని అనుమానమున్నచో దీనికి వెళ్లరాదు. ముందు ఎక్స్‌రే తీయించవలెను.

అమెరికాలో ఈ విద్య చదివినవారు పూర్తి వైద్యులు. మన దేశములో అట్లు కాదు. కావున బోర్డు చూచి నమ్మవద్దు. పొరుగున ఒడిశాలో కటక్ వద్ద శ్రీశ్రీ విశ్వవిద్యాలయములో ఇది నేర్పుచున్నారు. కొద్దిరోజుల తరగతితో పని మొదలుపెట్టువారును ఉందురు. ఎక్కడ, ఎన్నేండ్లు చదివితిరని అడుగుట తప్పు కాదు. విత్తనము కొనునపుడు సంచిపై చీటీ చదువుదుము గదా!

మొదటిరోజు మీ పని, పాత దెబ్బలు, వాడు మందులు అన్నియు అడుగుదురు. నిలబెట్టి, వంగమని చూతురు. ఏమియు దాచవద్దు. రక్తము పలుచబరచు మందులు, ఎముకల బలహీనత, గర్భము ఉన్నచో ముందే చెప్పవలెను. తరువాత ఒకటి రెండు రోజులు కొద్దిగా సలుపు ఉండవచ్చును. నొప్పి పెరిగినను, తిమ్మిరి వచ్చినను మాని, డాక్టరు వద్దకు వెళ్లవలెను.

నడుము నొప్పికి చేతివైద్యము కొంత మేలు చేయవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇచ్చిన సలహాలలో వ్యాయామముతోపాటు వెన్నును చేతులతో సరిచేయు చికిత్స కూడ ఉన్నది. కాని చక్కెర వ్యాధిని, ఉబ్బసమును ఇదే కుదుర్చునని ఎవరైన చెప్పినచో నమ్మవద్దు.

ఈ క్రింది గుర్తులు కనబడినచో చేతివైద్యమునకు పోక, వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను:

1. మూత్రము రాకుండుట, లేక ఆగకుండుట.
2. తొడల మధ్య తిమ్మిరి. కాలు పట్టు తప్పుట.
3. జ్వరముతో, లేక బరువు తగ్గుచు వచ్చు వెన్నునొప్పి. వెన్నెముకకు క్షయ కూడ రావచ్చును.
4. చెట్టుపైనుండి పడిన తరువాత వచ్చిన నొప్పి.

ఇంకొక ముఖ్య విషయము. మన జిల్లాలో ఉద్దానం కిడ్నీ వ్యాధి సంగతి మీకు తెలియనిది కాదు. దానికై పలాసలో 2023లో కిడ్నీ పరిశోధనా కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. ఆ వ్యాధికి కారణము పూర్తిగా తేలలేదు. కాని నొప్పి మాత్రలు విస్తారముగా మింగుట మూత్రపిండములకు చేటు అని వైద్యులందరును చెప్పుదురు. ఎండలో చెమటోడ్చి, నీరు చాలక, డాక్టరు చీటీ లేకుండ షాపులో మాత్ర కొని రోజూ వేసికొనుట మనకు మిక్కిలి ప్రమాదము. చేతివైద్యమునకు వెళ్లినను వెళ్లకున్నను ఈ అలవాటు మానవలెను.

బరువు ఎత్తునపుడు మోకాళ్లు వంచి, బస్తాను ఒంటికి దగ్గరగా పట్టి లేవండి. నొప్పి వచ్చినదని మంచమెక్కక, ఓర్చుకొనగలిగినంత నడవండి. వైద్యుని చేతులు గడియసేపు మాత్రమే పనిచేయును. తక్కిన రోజంతయు మీ నడకయే మందు.