ఉపాధ్యాయులకు వార్తాపరీక్షా శిక్షణము



మన అనకాపల్లి విపణిలో బెల్లపు దిమ్మను కొనువాడు తెల్లని రంగును జూచి మురిసిపోడు. హైడ్రోసు కలిపిరేమో యని తునుక విరిచి, రుచి జూచి, పిమ్మట ధర పలుకును. ఫోనున వచ్చు వార్త విషయమున మన బాలబాలికల కీ పరీక్ష నేర్పువా రెవరు?

2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవను వదంతి వ్యాపింపగా, తెలంగాణమున నిరపరాధులు మూకల చేత హతులైరి. అట్టి వదంతులను పరీక్షింపక పదుగురికి పంపిన దోషము మాయందును గలదు. 2022 డిసెంబరున మన రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతివారికి ట్యాబులు పంచెను. పరికరము చేరినది, వివేకమును వేరుగ నేర్పవలసియున్నది.

1982లో గ్రూన్‌వాల్డునందు యునెస్కో సభకు వచ్చిన 19 దేశముల ప్రతినిధులు ఇందులకై ఉపాధ్యాయులకు శిక్షణ నీయవలెనని కోరిరి. కేరళమువారు 2022లో 5,920 మంది శిక్షకుల మూలమున ఇంచుమించు 20 లక్షల విద్యార్థులకు అసత్యవార్తల గుర్తించు విధమును బోధించిరి.

ఈ విద్య ఉపన్యాసముల వలన రాదు. ఒకే వార్తను రెండు పత్రికలలో జదివించి, చెప్పిన దెవరు, చిత్ర మెన్నటిది, లాభ మెవరికి అని ప్రశ్నింపజేయుట ఉపాధ్యాయుడు తాను ముందభ్యసింపవలెను. కావున వేసవి సెలవులలో సర్వకులముల ఉపాధ్యాయులకును మన సంఘము పదిదినముల తరగతి నడుపవలెనని ప్రార్థించుచున్నాము. రేపు మూకలో మన బిడ్డ యుండరాదు. మూకకు చిక్కినవాడును మన బిడ్డయే.