కూతకా, పట్టుకా?

డి.ఏ. సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు కనుక నేను కబడ్డీ గురించి రెండు మాటలు మనవి చేస్తాను.

2023 ప్రో కబడ్డీ వేలంలో మన తెలుగు టైటాన్స్ వారు పవన్ సెహ్రావత్ ఒక్కడికే 2 కోట్ల 60 లక్షల పైచిలుకు పెట్టారు. జట్టు మొత్తానికి ఉన్నది 5 కోట్లు! పుస్తెలమ్మి పులస తినడమంటే ఇదేనన్నాను. మా మనవడు ఒప్పుకోలేదు. "కూతకెళ్ళేవాడు లేకపోతే పాయింట్లెక్కడివి తాతయ్యా?" అన్నాడు. పవన్ బాగా ఆడాడు, కాదనను. అయినా ఆ సీజనులో 22 ఆటల్లో గెలిచినవి రెండే, ఆఖరి స్థానం.

ఆఫీసు జట్టులో నేను మూల కాసేవాణ్ణి. దండలు కూతగాడికి, దోక్కుపోయిన మోకాళ్ళు నాకు. అందుకే ముందు పట్టేవాళ్ళని కొనమంటాను. ఆ మాటకి మనవడు రెండురోజులు పలకలేదు. నిన్న వచ్చి, "నువ్వు కాలెలా పట్టేవాడివి తాతయ్యా?" అని అడిగాడు.