ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తరువాత
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మేము నలుగురము, ఎం.ఎస్.డబ్ల్యు. చదువుచున్న విద్యార్థులము. వారానికి రెండు రోజులు తరగతి విడిచి జనంలో పనిచేయడం మా చదువులో ఒక భాగము. ఆ రెండు రోజులూ మేము, తలకు దెబ్బ తగిలిన పిల్లల కొరకు మన సంఘము నడుపుచున్న కార్యక్రమములో గడిపాము. ఏం చేశారో సభలో చెప్పమని కార్యదర్శి గారి ఆజ్ఞ. చేసినదీ చెబుతాము, చెడగొట్టినదీ చెబుతాము.

మొదట మాకు అప్పగించినది పేర్ల పుస్తకము సరిచూసే పని. ఏ బిడ్డ ఎక్కడ, ఎలా పడ్డాడో ఇంటింటికీ పోయి అడిగి వ్రాసుకున్నాము. పిట్టగోడ లేని డాబా మీద గాలిపటము ఎగరేస్తూ వెనక్కు నడిచి పడినవారు కొందరు. అబ్బాజాన్ మోటారు సైకిలు ట్యాంకు మీద కూర్చుని పోతూ పడినవారు కొందరు. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు బండి మీద హెల్మెట్టు ఉండాలని 2019 సవరణ చట్టము చెప్పుచున్నది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు వారికి కూడా హెల్మెట్టు, నడిపే వారికి కలిపి కట్టే పట్టీ ఉండాలనీ, బండి 40 కిలోమీటర్ల వేగము మించరాదనీ 2022లో నిబంధన వచ్చింది. ఈద్గాకు ఒకే బండి మీద నలుగురము పోతున్నాము గదా, టోపీ అక్కడికి పోయాక పెట్టుకోవచ్చు, దారిలో హెల్మెట్టు ఉండనివ్వండి.

ఇక అసలు సంగతి. ఒక కుర్రవాడున్నాడు, పేరు చెప్పము. పదకొండేళ్ళవాడు. డాబా మీద నుంచి పడి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అల్లాహ్ దయ వల్ల బ్రతికి బయటపడ్డాడు. ఇంట్లో సదఖా ఇచ్చారు, మిఠాయి పంచారు. కుట్లు మానినాయి, జుట్టు మొలిచి మచ్చ కూడా కప్పుకుపోయింది. అందరూ కథ అయిపోయిందనుకున్నారు.

నెల తిరిగేసరికి బడిలో మధ్యాహ్నము నిద్రపోవడం మొదలుపెట్టాడు. మదరసాలో కంఠతా వచ్చిన సూరాలు సగంలో ఆగిపోయేవి. రెండు పనులు కలిపి చెబితే ఒకటి మరిచేవాడు. చిన్నమాటకు స్నేహితుణ్ణి కొట్టాడు. పంతులు సోమరి అన్నాడు, అమ్మీ తావీజు కట్టించింది, అబ్బా బెల్టు తీశాడు. చూడటానికి బాగానే ఉన్నాడు గదా, కావాలనే చేస్తున్నాడని వాళ్ళ అనుమానము. వాళ్ళను మాత్రం ఏమనగలము? డిశ్చార్జి కాగితము మీద మందులున్నాయి గాని ఈ మాటలు లేవు.

కాలు విరిగితే కట్టు కనబడుతుంది. మెదడు దెబ్బ కనబడదు. నుదుటి వెనుకనుండే భాగమే కోపమును ఆపేది, పనిని వరుసగా పెట్టేది. అది పూర్తిగా ఎదిగేసరికి ఇరవయ్యేళ్ళు దాటుతాయి. కనుక ఏడేళ్ళప్పుడు తగిలిన దెబ్బ తాలూకు లోటు కొంత పన్నెండేళ్ళప్పుడు, చదువు బరువెక్కినప్పుడు బయటపడవచ్చును. చిన్నపిల్లల మెదడు మెత్తన, తొందరగా కోలుకుంటుందని పూర్వము డాక్టర్లు సైతము నమ్మేవారు. అన్నివేళలా అది నిజము కాదని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

ఇదంతా పుస్తకాల్లో చదువుకొని మేము గొప్పగా బయలుదేరాము. కుర్రవాడికి టైంటేబులు వేశాము. అరగంట చదువు, పది నిమిషాలు విశ్రాంతి. ఒక్కసారి ఒక్క పనే చెప్పాలి. రోజూ ఏం చేశాడో వ్రాయడానికి ఒక నోటుబుక్కు. మాలో ఒకరు బడికి పోయి పంతులుగారితో మాట్లాడి ముందు బెంచీలో చోటు అడిగారు. మూడు నెలల్లో తేడా కనబడింది. మా ప్రొఫెసరు గారు మెచ్చుకున్నారు కూడా.

గత ఏప్రిల్లో మాకు పరీక్షలు వచ్చాయి, ఆపైన సెలవులు. వెళ్ళడం మానేశాము. జూలైలో మళ్ళీ పోయి చూస్తే నోటుబుక్కు ఏప్రిల్ నాటి పేజీ దగ్గరే ఆగిపోయి ఉంది. కుర్రవాడు బడి మానేశాడు. "నా మీద కోపమొచ్చిందా భాయ్, రాలేదు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

నోటుబుక్కు ఎందుకు ఆగింది? మేము తెలుగులో వ్రాశాము. అమ్మీకి వచ్చినది ఉర్దూ ఒక్కటే. నాలుగు నెలలు ఆ యింట్లో చాయ్ తాగాము గాని ఆ సంగతి అడగలేదు! అయితే పూర్తిగా చెడిపోలేదు. అక్షరము ముక్క రాని దాదీ తన దారి తాను కనిపెట్టింది. ఒక గిన్నెలో అయిదు చింతగింజలు వేసి, ఒక్కో పని అయ్యాక ఒక్కో గింజ తీయించేది. ముఖము కడగడం ఒక గింజ, పాలు తేవడం ఒక గింజ. ఇప్పుడు మేము అన్ని ఇళ్ళకూ బొమ్మల చీటీలు, చింతగింజలే పట్టుకుపోతున్నాము. కుర్రవాడు తిరిగి బడికి పోతున్నాడు, పూటకు రెండు పీరియడ్లు.

బడివారితో మాట్లాడేటప్పుడు పెద్దలు రెండు చట్టాలు గుర్తు పెట్టుకోవలెను. 2009 విద్యాహక్కు చట్టము ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలను కొట్టరాదన్నది, బడి నుంచి తీసివేయరాదన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టము పరీక్షలో అదనపు సమయము ఇవ్వవచ్చునన్నది. ఆ చట్టములోని 21 రకాల జాబితాలో తలదెబ్బ అని విడిగా లేదు. కాని దాని వల్ల మాట, నడక, బుద్ధి దెబ్బతిన్నప్పుడు ఆ పేరు మీద పరీక్ష చేయించి సర్టిఫికెట్టు అడగవచ్చును. బుద్ధి వికాసము విషయములో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ ఉన్నది.

ఇంకొక్క మాట. తలకు దెబ్బ తగిలాక పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మత్తు, ఫిట్సు, చెవి నుంచో ముక్కు నుంచో నీళ్ళు కారడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారే దాకా ఆగవద్దు. స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయవద్దు.

వచ్చే ఏప్రిల్లో మాకు ఆఖరి పరీక్షలు. తరువాత మేము తలోదిక్కు పోతాము. మా వెనుక కొత్త విద్యార్థులు వస్తారు, వాళ్ళకూ ఏప్రిల్ వస్తుంది. కనుక పని విద్యార్థుల మీద నిలబెట్టవద్దని కమిటీ వారిని వేడుకొనుచున్నాము. వీధికి ఇద్దరు, అందులో ఒకరు ఆడవారు, వారానికి ఒక గంట ఆ ఇంటికి పోగలిగితే చాలు. జకాత్ సొమ్ము అర్హులైన కుటుంబాలకే పోవలెను గనుక రానుపోను ఖర్చులు విడిగా చందాలోంచి చూడవలెను.

పేర్ల పుస్తకము కార్యదర్శి గారి బల్ల మీద ఉన్నది. మార్చి లోపల ఎవరు వచ్చినా మేము వెంట వచ్చి ఆ ఇళ్ళు చూపిస్తాము. దాదీ దగ్గరకు ముందు తీసుకుపోతాము.

ఖుదా హాఫిజ్.